కఱవునకు నాలుగు ఇంగ్లీషు పేళ్లు

మా బంధువర్గములోని చిన్నది యొకతె ఎమ్మిగనూరిలో చదువుకొనుచున్నది. మొన్నటి వేసవి సెలవులలో ఆమె తన యింగ్లీషు పుస్తకము చేతబట్టుకొని వచ్చి, “తాతా, ఫేమిన్, స్కేర్సిటి, డెర్త్, డ్రౌట్ – ఈ నాలుగింటికీ డిక్షనరీలో కరువనే రాసినారు. ఒకదానికి నాలుగు పేర్లెందుకు?” అని యడిగినది. మేము పండితులవలె గొంతు సవరించుకొని, ఒకటి యెక్కువ కఱవు, ఒకటి తక్కువ కఱవు అని యేదో చెప్పబోతిమి. ప్రక్కనే కూర్చుండి బియ్యము చెఱుగుచున్న మా వదినగారు నవ్వి, “మా జేజి ధాతకరువని ఒకటే అంటుండె. తక్కువదీ ఎక్కువదీ అని ఆమె ఎన్నడూ చెప్పలేదు” అనిరి. ఆ దినమున మేమిచ్చిన సమాధానము మాకే తృప్తి కలిగింపలేదు. పిమ్మట కొన్ని పుస్తకములు తిరుగవేసి చూడగా, ఈ మాటల భేదము నిఘంటుకారుల వినోదము కాదనియు, మన ఆదోని ప్రాంతమున ఎన్నో కుటుంబములకు గంజి దొరకుటయు దొరకకుండుటయు ఆ భేదము మీదనే యాధారపడి యుండెననియు తెలియవచ్చినది. ఆ సంగతినే యిచ్చట వ్రాయుచున్నాము.

మొదట మాటల పుట్టుక చూతము. డ్రౌట్ అనునది పొడితనము అను నర్థము గల ప్రాత యింగ్లీషు మాట. అది ఆకాశమునకును నేలకును సంబంధించినది. మన వఱపు, అనావృష్టి యను మాటలు దానికి సరిపోవును. డెర్త్ అనునది డియర్ అను మాటకు బిడ్డ. డియర్ అనగా ప్రియము. మన బజారులో బియ్యము ప్రియమైన వనునప్పటి ప్రియమే యది. ప్రేమకును హెచ్చు ధరకును ఒకే మాట వాడుట వారికిని మనకును సమానమై యుండుట వింతగా నున్నది. కాబట్టి డెర్త్ అంగడిలో పుట్టినది. స్కేర్సిటి లాటిను భాషలో పెఱికి తీయుట యను నర్థము గల ధాతువునుండి ఫ్రెంచి మీదుగా వచ్చినది. ఉన్నదానిలో కొంత తీసివేయగా మిగిలినది చాలకుండుట, అనగా కొఱత. ఇక ఫేమిన్ అనునది లాటినులో ఆకలి యను మాటనుండియే పుట్టినది. అది కడుపునకు సంబంధించినది.

ఒకటి ఆకాశమున, ఒకటి అంగడిలో, ఒకటి గాదెలో, ఒకటి కడుపులో నున్నవి. వఱపు వచ్చిన ప్రతి యేటను కడుపు మాడవలయునను నియమము లేదు. ఊరిలో గాదెలు నిండియుండగనే కొందఱి కడుపులు మాడవచ్చును. అన్నిటిని కఱవను నొక్క మాటతో చెప్పుటకు అలవాటుపడిన మనము ఈ సంగతిని తఱచుగా మఱచుచున్నాము.

మన భాష యీ విషయమున బీదది యని మాత్రము మేమనము. క్షామమను సంస్కృత పదమునకు ఎండినది, చిక్కి శల్యమైనది యని యర్థము. అది శరీరమును చూచి పెట్టిన పేరు. దుర్భిక్షమను మాట యింతకంటెను విశేషమైనది. భిక్ష దొరకుట కష్టమైన కాలము దుర్భిక్షము. పంట పోయినదనిగాని, ధర పెరిగినదనిగాని యీ మాట చెప్పుట లేదు. బిచ్చగానికి పిడికెడు పెట్టగల యిల్లు ఊరిలో లేదని చెప్పుచున్నది. దేశము చెడినదో లేదో తెలిసికొనుటకు వానలెక్కలు చూడనక్కఱలేదు, భిక్షాపాత్రను చూచిన చాలునని దీనిని కల్పించినవారి యభిప్రాయము కాబోలు. చదువరులు దీనిని మనసున నుంచుకొన వేడుచున్నాము. ముందు మఱల దీనితో పని యున్నది.

సామాన్యజనులు పెట్టిన పేళ్లు వేఱొక తీరువి. గుంటూరు ప్రాంతమున 1832-33లో వచ్చినదానిని నందన కఱవనియు, డొక్కల కఱవనియు పిలిచిరి. 1876-77లో వచ్చినది ధాత కఱవు. ఒక పేరు సంవత్సరమును బట్టి, ఒక పేరు లోనికి పోయిన డొక్కలను బట్టి. ఆదోని అంగడివీధిలో తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును వినబడును. కన్నడమువారు బర యందురు, ఉర్దూవారు కహత్ అందురు. ఈ మాటలలో దేనిలోను మెట్లు లేవు. మెట్లు వచ్చినది సర్కారు కాగితముతో.

ఆ కాగితము మన ప్రాంతమునకు ఎట్లు వచ్చినదో రెండు మాటలలో చెప్పవలెను. ఆదోని విజయనగర రాజుల కోట. పిదప బిజాపురము వారిది. సిద్ది మసూదుఖానుని కాలమున కట్టిన జామియా మసీదు నేటికిని ఊరికి అలంకారముగా నున్నది. మొగలాయీల పిమ్మట నిజాము తమ్ముడగు బసాలతుజంగునకు జాగీరైనది. 1786లో టిప్పు సుల్తాను దానిని పట్టుకొనెను. మఱల నిజాము చేతికి వచ్చి, 1800లో అతనిచే కంపెనీవారికి ఇయ్యబడినది. ఈ యిచ్చుటను ఇంగ్లీషువారు సీడ్ అను మాటతో చెప్పిరి. సీడ్ అనగా తన హక్కును విడిచి యొరులకు ఒప్పగించుట. మనవారు దానిని దత్తమండలములని అనువదించిరి. దత్తమనగానే దానమో దత్తతయో మనసునకు తోచును. నిజాము దానమేమియు చేయలేదు. తన రక్షణకై యుంచుకొన్న ఇంగ్లీషు సైన్యపు ఖర్చు క్రింద ఈ సీమను వ్రాసి యిచ్చెను. ఒక మాట తప్పుదారిలో అనువాదమయినచో నూఱేండ్లకు పైగా జనులు తమ్ము తాము దానవస్తువులుగా పిలుచుకొందురు. 1928లో నంద్యాల మహాసభలో చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ యను పేరు సూచించినప్పుడు అందఱును సంతోషముతో నంగీకరించుటకు కారణ మిదియే. ఆదోని తాలూకా, అందలి ఎమ్మిగనూరుతో గూడ, బళ్లారి జిల్లాలో నుండి 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో చేరినది. కాబట్టి మేము చెప్పబోవు ధాత కఱవునాటి యాదోని వృత్తాంతము బళ్లారి జిల్లా చరిత్రలో భాగము.

1876లో నైరృతి వానలును ఈశాన్యపు వానలును రెండును తప్పెను. రేగడి నేల నోరు తెఱచినది. అంతకు అయిదేండ్లకు ముందే, 1871 నాటికి, మద్రాసునుండి ఆదోని మీదుగా రాయచూరు వఱకు ఇనుపదారి వచ్చియుండెను. రైలున్న చోట కఱవుండదని ఆ కాలపు ఇంగ్లీషువారిలో చాలమందికి నమ్మకము. ఒక చోట పంట పోయినను మఱియొక చోటనుండి ధాన్యము వచ్చి పడునని వారి వాదము. ధాన్యము వచ్చిన మాట నిజమే. సముద్రము మీదుగా మద్రాసు రేవునకు వచ్చిన బస్తాలు రైలెక్కి లోపలి సీమలకు నడిచినవి. కాని రైలు ధాన్యమును తెచ్చును గాని కూలిని తేదు. వాన లేక పొలములో పని లేదు. పని లేక చేతిలో రొక్కము లేదు. ఉన్న కొద్ది రొక్కమునకు పెరిగిన ధరవలన వచ్చు గింజలు చాలవు. అంగడిలో ధాన్యముండగా అంగడి ముందు మనుష్యులు పడిపోయిరి. డెర్త్ అను మాట యర్థము తెలియగోరువారు ఈ దృశ్యమును తలంచుకొనవలెను. స్కేర్సిటి యను కొఱత ఎంతెంత తీరినను, డెర్త్ తీరనిచో ఫేమిన్ తీరదు. అప్పటి యధికారులలో పలువురు మొదటిదానిని మాత్రమే చూచిరి.

1877 జనవరిలో వైస్రాయి లిట్టను ప్రభువు పంపగా సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసునకు వచ్చెను. ఇతని కథయే యొక విచిత్రము. మూడేండ్లకు ముందు, 1874లో, బీహారున కఱవు వచ్చినప్పుడు ఇతడే బర్మానుండి బియ్యము పుష్కలముగా తెప్పించి జనులను కాపాడెను. చనిపోయినవారు బహు స్వల్పము. అందులకు మెప్పు రాలేదు సరికదా, ప్రభుత్వ ధనమును నీళ్లవలె ఖర్చు చేసెనని నింద వచ్చినది. ఆ నింద పోగొట్టుకొనవలెనని కాబోలు, ఈ పర్యాయ మతడు పొదుపు చేయుటకు నిశ్చయించుకొని వచ్చెను. కఱవుపనిలో రాళ్లు కొట్టు పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యమును, కొంచెము చిల్లరయు చాలుననెను. పౌనన నేటి లెక్కలో సుమారు 450 గ్రాములు. స్త్రీలకును పిల్లలకును అంతకంటె తక్కువ.

ఇచ్చట మఱి రెండు మాటల భేద మున్నది. వేజ్ అనగా కూలి. పనిని కొలిచి యిచ్చునది. రేషన్ అనగా లెక్కకట్టిన గ్రాసము. ప్రాణము నిలుచుటకు ఎంత కావలయునో కొలిచి యిచ్చునది. టెంపుల్ ఇచ్చినదానికి వేజ్ అని పేరు. కొలత మాత్రము రేషనుది. పని చూచినచో పూర్తి కూలివాని పని. తిండి చూచినచో పనియే లేక కూర్చున్నవానికిని చాలని తిండి. మద్రాసు ఆరోగ్యశాఖ ప్రధానాధికారి డాక్టరు కార్నిష్ ఈ కొలతతో కష్టపడి పనిచేయువాడు బ్రదుకలేడని గట్టిగా వాదించెను. ఎండలో గుంతలు త్రవ్వువానికి ఏమి కావలయునో శరీరశాస్త్ర మెఱిగినవాడు చెప్పుచుండగా, ఖజానా యెఱిగినవాడు దానిని త్రోసివైచెను. కొన్ని నెలలలోనే యా కూలిని కొంత పెంపక తప్పినది కాదు. అప్పటికి జరుగవలసినది జరిగినది. విలియం డిగ్బీ యను పత్రికాసంపాదకుడు 1878లో ప్రచురించిన రెండు సంపుటముల గ్రంథములో ఈ వివాదమంతయు విపులముగా నున్నది. చదువ నోపిక గలవారు చదువవచ్చును, నిద్ర పట్టదు.

1871 నాటి జనాభాలెక్కలను 1881 నాటి లెక్కలతో పోల్చినచో కర్నూలు జిల్లాలో ఇంచుమించు నాలుగవ వంతు, బళ్లారి జిల్లాలో అయిదవ వంతు జనము తగ్గిరి. దక్షిణదేశమంతటను చనిపోయినవారు యాబది లక్షలకు పైబడియుందురు. వీరు దేనివలన చనిపోయిరని మరణపట్టికలను చూచినచో కలరా యనియు, జ్వరమనియు, విరేచనములనియు కనబడును. ఆకలి యను మాట యరుదు. తిండి లేక చిక్కిన శరీరమునకు తుద క్షణమున వచ్చిన రోగము పేరు వ్రాసి, ఆ రోగమునకు తలుపు తెఱచినదాని పేరు విడిచిరి.

ఈ యుపద్రవము పిమ్మట 1880లో స్ట్రేచీ యధ్యక్షతన కమీషను తన నివేదిక నిచ్చెను. దానిని బట్టి 1883లో ఫేమిన్ కోడు అను నిబంధనల గ్రంథము తయారైనది. తరువాత ఒక్కొక్క రాజధానికి ఒక్కొక్క కోడు. ఈ కోడులను మేము నిందించుట లేదు. ప్రజల ప్రాణము కాపాడుట ప్రభుత్వము విధి యని వ్రాతమూలముగా నొప్పుకొనుట చిన్న సంగతి కాదు. కమీషనువారు శ్రద్ధతో పనిచేసిరి. కాని స్కేర్సిటికిని ఫేమినుకును నడుమ గోడ కట్టినది ఈ కోడులే. స్కేర్సిటి యన్నంతకాలము కలెక్టరు కనిపెట్టుచుండవలెను, పన్ను వాయిదా వేయవచ్చును, బావులు త్రవ్వుకొనుటకు అప్పులియ్యవచ్చును, పరీక్షకై కొన్ని పనులు తెఱువవచ్చును. ఫేమిన్ అని ప్రకటించినగాని ఖజానా తలుపులు పూర్తిగా తెఱువబడవు. పనిచేయలేని వృద్ధులకును బిడ్డతల్లులకును ఊరూర ఉచితముగా తిండి పెట్టుట జరుగదు.

పరీక్ష పనులన్న మాట కొంచెము వివరింపవలసి యున్నది. ఊరికి దూరముగా ఒక పని తెఱచి, ప్రాణము నిలుచుటకు మాత్రము చాలు కూలి పెట్టి, ఎందఱు వత్తురో చూచెదరు. అంత తక్కువ కూలికి అంత కష్టమైన పనికి జనులు తండోపతండములుగా వచ్చినచో కఱవు నిజమైనదని యర్థము. రానిచో అవసరము లేదని యర్థము. తర్కము చూచుటకు చక్కగానే యున్నది. కాని మానము చెడునని రానివారు, నడువ శక్తి లేక రానివారు, ఇంటిలో చంటిబిడ్డను విడువలేక రానివారు, వీరందఱును ఆ లెక్కలో అవసరము లేనివారి క్రిందనే జమ. మన గృహములలోని స్త్రీలకు ఈ తర్కములోని లోపము వెంటనే తోచును. ఇంటిలో తిండి తగ్గినప్పుడు మొదట తన వంతు తగ్గించుకొని యా సంగతి యెవరికిని చెప్పని తల్లి ఏ పరీక్షపనికి వచ్చి నిలుచును?

కోడులో మెచ్చదగిన భాగ మొకటి కలదు. కఱవు రాకముందే దానిని గుర్తించుటకు కొన్ని సూచనలు చెప్పబడినవి. ధాన్యపు వర్తకులలో వింతయైన త్వర, అప్పు పుట్టకపోవుట, దొంగతనములు పెరుగుట, మేతకై పశువుల మందలు దారి మళ్లుట, జనులు ఊళ్లు విడిచి తిరుగాడుట, ఇండ్లలో ధర్మము పెట్టుట తగ్గుట. ఈ కడపటిదానిని చూడుడు. లండనులోను కలకత్తాలోను కూర్చుండి పెద్దలు కనిపెట్టిన గుఱుతు మన దుర్భిక్షమను మాటలో ఎన్ని శతాబ్దములకు ముందో యిమిడియున్నది. భిక్ష తగ్గినచో కఱవు దాపున నున్నదని బిచ్చగాడెఱుగును, ఇల్లాలెఱుగును. ప్రభుత్వమున కది తెలియుటకు యాబది లక్షల ప్రాణములు వెలయైనవి.

ఇక ఎమ్మిగనూరి సంగతి. అది సాలెవారి యూరు. నేతగానికి పొలము లేదు. వాన పడినను పడకున్నను వాని మగ్గ మాడును. డ్రౌట్ వానిని నేరుగా తాకదు. కాని రైతుకు పంట పోయిన యేట మొదట మానుకొనునది క్రొత్త బట్ట. చినిగిన చీరకు మాసిక వేసికొని మఱి యొక యేడు గడుపవచ్చును గాని తిండిని వాయిదా వేయరాదు గదా. అందుచే నేతగానికి ఒక ప్రక్క గిరాకి పోవును, మఱియొక ప్రక్క జొన్నల ధర పెరుగును. పొలములేని వాని కడుపును పొలములోని వఱపు ఈ విధముగా చుట్టుదారిని వచ్చి పట్టుకొనును. వానిని తీసికొనిపోయి రోడ్డుమీద కంకర కొట్టుమన్నచో, ఆ వ్రేళ్లు మఱల సన్నని పోగును పట్టుటకు పనికిరావు. కఱవు పోయిన పిదప వాడు నేతగాడుగా మిగులడు. ఈ సంగతిని గ్రహించి తరువాతి కోడులలో చేతిపనులవారికి వారి వృత్తిలోనే సహాయము చేయవచ్చునని చేర్చిరి. అయినను వర్తకుని చేతిలో నూలప్పు, వర్తకుని చేతిలోనే బట్ట ధర యున్నంతకాలము కోడులోని పంక్తులు సాలెవాని యింటికి చేరుట దుర్లభము. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరిలో చేనేత సహకార సంఘమును స్థాపించి, నూలు తెచ్చుటయు బట్ట అమ్ముటయు నేతగాండ్ర సంఘమే చేయునట్లు చేసిరి. సంఘము వాన కురిపింపలేదు. నూలుధరకును బట్టధరకును నడుమ నేతగాడు నలిగిపోకుండ మాత్రము చూచినది. ఇది డెర్త్ అను రోగమునకు తగిన మందు. అందుచేతనే సోమప్పగారి పేరు ఆ యూరివారు నేటికిని భక్తితో తలచుచున్నారు.

రోగమునకు తగిన మందు వేయకుండుటకు మాటలే యడ్డమైన సందర్భ మొకటి చెప్పి ముందునకు పోయెదము. నీటిపారుదల పనులను సర్కారువారు రెండుగా విభజించిరి: ప్రొడక్టివ్ పనులు, ప్రొటెక్టివ్ పనులు. చెవికి రెండును కవలలవలె వినబడును. మొదటిదానికి పెట్టుబడి మీద వడ్డీ గిట్టవలెను. రెండవదానికి గిట్టకున్నను, కఱవునుండి కాపాడిన చాలును. గోదావరి, కృష్ణ యానకట్టలు మొదటి జాతివి. వాటికి డబ్బు దొరకినది. తుంగభద్రకు ఆనకట్ట కట్టవలెనను నాలోచన 1860లోనే సర్ ఆర్థర్ కాటన్ చేసెనందురు. కాని యీ మెట్టసీమలో అది లాభము తెచ్చు పనిగా లెక్కకు రాలేదు. పొరుగు సంస్థానములతో తగవులును కలిసినవి. 1945లో పునాది పడి, 1953లో నీరు నిలిచినది. దాని దిగువ కాలువ ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలోని కొన్ని గ్రామములను తడుపుచున్నది. 1860కిని 1953కును నడుమ తొంబదిమూడేండ్లు. ఒక్క ధాత కఱవులో ఖర్చయిన సొమ్మును, పోయిన పన్నును వడ్డీలెక్కలో చేర్చియున్నచో ఆ పని ప్రొడక్టివ్ జాతిలోనికే వచ్చియుండెడిదేమో. పోయిన ప్రాణములను చేర్చుటకు ఆ లెక్కలో గడియే లేదు.

ప్రకటన అను మాటకెంత బలమో 1943లో వంగదేశమున లోకమంతయు చూచినది. కలకత్తా వీథులలో శవములు పడియుండగా ఫేమిన్ కోడు క్రింద ఫేమిన్ అని ప్రకటింపనే లేదు. అప్పటి తాత్కాలిక గవర్నరు సర్ థామస్ రూథర్‌ఫర్డు వైస్రాయికి వ్రాయుచు చెప్పిన కారణ మేమనగా, కోడు ప్రకారము ఇయ్యవలసిన రేషను ఇచ్చుటకు మా వద్ద తిండి లేదని. ఆకలి లేదని కాదు. ఆకలి యని పేరు పెట్టినచో అన్నము పెట్టవలసి వచ్చునని. తెలుగువారికి ఈ రూథర్‌ఫర్డు పేరు క్రొత్త కాదు. 1924లో మన్యమున అల్లూరి సీతారామరాజును పట్టుటకై నియమింపబడిన యధికారి యితడే. వంగదేశమున చనిపోయినవారు పదునైదు లక్షలని విచారణసంఘమువారు, ముప్పది లక్షల వఱకు అని తరువాత అమర్త్యసేనుగారు లెక్కకట్టిరి. ఆ యేట వంగదేశములో తిండిగింజలు మునుపటి కొన్ని యేండ్లకంటె మిక్కిలి తక్కువ కావనియు, కొనుశక్తి పోయినవారే చనిపోయిరనియు సేనుగారు 1981లో తమ గ్రంథమున నిరూపించిరి. ఫేమినుకు స్కేర్సిటి తప్పక ముందుండవలెనను నమ్మకము దానితో కూలినది. ఆదోని యంగడి ముందు 1877లో పడిపోయినవారు ఈ సిద్ధాంతమును శరీరముతో ముందే చెప్పిరి.

స్వరాజ్యము వచ్చిన తరువాత మాటల మీది భయము పోయినదా? 1963లో మహారాష్ట్ర శాసనసభ ఒక చట్టము చేసినది. ఆ రాష్ట్రమునకు వర్తించు చట్టములలో ఫేమిన్ అను మాట యెచ్చట నున్నను తీసివేయవలెనని దాని సారాంశము. ఇకమీద ఫేమిన్ వచ్చుటకు అవకాశమే లేదు, స్కేర్సిటి యను మాట చాలునని వారి యభిప్రాయము. పదేండ్లు తిరుగకముందే, 1972-73లో, అక్కడ ఘోరమైన వఱపు వచ్చినది. న్యాయముగా చెప్పవలెనన్నచో ఆ సమయమున ప్రభుత్వము లక్షలాది జనులకు పని కల్పించి చాలవఱకు కాపాడినది; అచ్చటి యుపాధి హామీ పథకము అప్పుడే పుట్టినది. మాట తీసివేసినవారే పని పెట్టిరి. కాబట్టి పేరు పెట్టకుండుట యెల్లప్పుడును దుర్బుద్ధియే యని మేము తీర్పు చెప్పజాలము. వంగదేశమున పేరు లేక తిండియు లేదు; మహారాష్ట్రమున పేరు లేకున్నను తిండి దొరకినది. భేద మెచ్చటనన్నచో, వంగదేశమున అడుగువారు లేరు. మహారాష్ట్రమున శాసనసభ, పత్రికలు, వోట్లు ఉన్నవి.

నేడు లోకమున ఫేమిన్ అను మాటకు కొలత లేర్పడినవి. నూటికి ఇరువది కుటుంబములకు తిండి బొత్తుగా కొఱవడవలెను. బిడ్డలలో నూటికి ముప్పదిమందికి మించి చిక్కిపోవలెను. దినమునకు పదివేలమందిలో ఇద్దఱు చనిపోవలెను. అప్పుడు గాని ఐక్యరాజ్యసమితివారు ఆ మాట యనరు. 2011 జూలై 20న సోమాలియాలో రెండు ప్రాంతములకు ఈ పేరు పెట్టిరి. ఆ యుపద్రవములో మొత్తము సుమారు 2,58,000 మంది చనిపోయిరనియు, వారిలో సగమునకు దగ్గరగా ఆ ప్రకటనకు ముందే పోయిరనియు తరువాతి లెక్కలు చెప్పినవి. కొలత లుండుట మంచిదే. కాని కొలత నిండు వఱకు ధర్మము చేయువారు చేతులు కట్టుకొని కూర్చున్నచో, ఆ పేరు సహాయమునకు పిలుపు కాక మరణములకు లెక్క యగును.

మన ప్రాంతమునకు మఱల వత్తము. మన పొరుగు జిల్లాయగు అనంతపురములోని బండ్లపల్లెలో 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము ప్రారంభమైనది. అప్పుడు చట్టములో ప్రవేశించిన గ్యారంటీ యను మాట, పాత కోడులోని రిలీఫ్ అను మాటకంటె ఎంతో భిన్నమైనది. రిలీఫ్ అనగా కష్టములో నున్నవాని భారమును మఱియొకడు దయతో దించుట. గ్యారంటీ యనగా అడిగినచో ఇయ్యవలసినది, ఇయ్యనిచో సంజాయిషీ చెప్పవలసినది. వఱపు వచ్చినను రాకున్నను అడుగవచ్చును. కలెక్టరు ముందుగా కఱవని యొప్పుకొన నక్కఱలేదు. మాటల చరిత్రలో ఇది పెద్ద మార్పు. ఆచరణలో కూలి ఆలస్యమగుట, పనిదినములు చాలకుండుట మొదలగు లోపములను మే మెఱుగుదుము.

కోడులో చెప్పిన సూచనలలో, జనులు ఊళ్లు విడిచి తిరుగాడుట యొకటి గదా. ఆదోని, కోసిగి, ఎమ్మిగనూరు ప్రాంతపు పల్లెలలో వానలు మోసగించిన యేట, పండుగలు కాగానే, కుటుంబములకు కుటుంబములు మూటలు కట్టుకొని లారీలెక్కి గుంటూరు ప్రాంతమునకు మిరపకాయల కోతకును పత్తి తీతకును పోవుచున్నవి. దీనికి పత్రికలలో వలస యని వ్రాయుదురు, సర్కారు కాగితములలో మైగ్రేషన్ అందురు. పోవువారు మాత్రము సుగ్గికి పోవుచున్నామందురు. సుగ్గి యనగా పంటకోత, ఆనందపు మాట. తమ పొలములో సుగ్గి లేనివారు పరుల సుగ్గికి పోవుటను ఆ మాటతోనే చెప్పుకొనుచున్నారు. కోడు వ్రాసినవాడు దీనిని చూచినచో తిరుగాట యని వ్రాసికొని పైవారికి తెలియజేసియుండును. నేటి గుమాస్తా మైగ్రేషన్ అని వ్రాయుటతో అది యేటేట జరుగు నొక వ్యవహారమై, సూచనయను గుణమును పోగొట్టుకొనినది.

మొన్న యీ వ్యాసము వ్రాయుచుండగా మా చిన్నది మఱల వచ్చినది. తమ తరగతిలో ముగ్గురు బాలికలు సుగ్గికి పోయిరనియు, పరీక్షలనాటికి వత్తురో రారో తెలియదనియు చెప్పినది. అటువంటి పిల్లలు ఊరిలోనే యుండి చదువుకొనుటకు బడులలో పెట్టిన సీజనల్ హాస్టళ్లున్నవి గదా యని మేమంటిమి. “పెద్దపిల్లను ఒంటిగా విడిచి పోము అన్నారంట తాతా. చంటిపిల్లను చూసుకునేదానికి ఎవరో ఒకరుండాల కదా అక్కడ” అనినది. సుగ్గికి ఇంగ్లీషులో ఏమందురని యడిగినది. హార్వెస్ట్ అని చెప్పితిమి. ఆమె కొంతసేపు చూచి, ఆ మాట వ్రాసికొనలేదు.